అమలాపురంలో 3,42,196 మెజారిటీ. ఇప్పుడు ఎంపీ గారిని ఏం అడుగుదాం?

గౌతమి రేవు (జూన్ 5, 2024, ఉదయం 6:50)

అందరికీ నమస్కారమండి. నిన్న పొద్దున్న ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలైన దగ్గర్నుంచి టీవీ ముందు నుంచి లేవలేదు. కళ్లు మండుతున్నాయి, అయినా నిద్ర పట్టలేదు. అమలాపురం పార్లమెంటుకి తెలుగుదేశం అభ్యర్థి గంటి హరీష్ మాధుర్ గారికి 7,96,981 ఓట్లు, వైసీపీ అభ్యర్థి రాపాక వరప్రసాదరావు గారికి 4,54,785. తేడా 3,42,196. ఇదే హరీష్ గారు 2019లో చింతా అనురాధ గారి మీద 39,966 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఐదేళ్లలో జనం ఇంతలా తిరగడం నా వయసులో చూడలేదు.

అయితే నాకు లోపల ఒక బాధ ఉంది, అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను. నెల రోజులుగా టీ కొట్టు దగ్గర, గోదారి దాటించే పంటు మీద, పెళ్లి భోజనాల్లో విన్నదంతా ఎమ్మెల్యేల గురించే. ఎవరికి టికెట్ వచ్చింది, ఎవరు అలిగారు, ఎవరు ఎంత పంచారు. పార్లమెంటుకి నిలబడ్డాయన ఢిల్లీ వెళ్లి మన కోసం ఏం అడుగుతారని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

పని మీద రోజూ కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగుతాను. నది మధ్యకి వచ్చేసరికి కోటిపల్లి–నరసాపురం రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. 57 కిలోమీటర్ల లైను, 2000–01లో మంజూరైంది. అప్పుడు బడికి వెళ్లే మా అబ్బాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. స్తంభాల మీద కొంగలు వాలతాయి గాని రైలు మాత్రం రాలేదు. ఇది ఎమ్మెల్యే పని కాదండి, ఎంపీ పని. మరి ఈ మూడు లక్షల మెజారిటీతో మనం ఏం అడగాలో చెప్పండి.

పాలకొల్లు కుర్రాడు (జూన్ 5, ఉదయం 7:35)

అన్నయ్యా, మా నరసాపురం సీటులోనూ ఇదే కథ. భూపతిరాజు శ్రీనివాస వర్మ గారు 2,76,802 మెజారిటీతో గెలిచారు. రాజమండ్రిలో పురందేశ్వరి గారు 2,39,139, కాకినాడలో తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్ గారు 2,29,491, ఏలూరులో పుట్టా మహేష్ కుమార్ గారు 1,81,857. గోదారికి ఇటూ అటూ ఐదుకి ఐదూ తెలుగుదేశం–జనసేన–బీజేపీ కూటమే.

లెక్క చూస్తే ఇందులో కొంత 2019లోనే ఉంది. అప్పుడు జనసేన విడిగా పోటీ చేసి అమలాపురంలో రెండున్నర లక్షలు తెచ్చుకుంది, మా దగ్గర నాగబాబు గారికీ అంతే వచ్చాయి. ఆ ఓట్లు తెలుగుదేశం ఓట్లతో కలిపితే అమలాపురంలో అప్పుడే రెండు లక్షల పైన మెజారిటీ అయ్యేది. మిగతాది ఈసారి కొత్తగా వచ్చింది.

నాకు ఆశ్చర్యం వేసింది ఎక్కడంటే, మా అమ్మమ్మ ఊరు భీమవరం వైపు. అక్కడ ఎమ్మెల్యేకి గాజు గ్లాసు, ఎంపీకి కమలం. మా పాలకొల్లులో ఎమ్మెల్యేకి సైకిల్, ఎంపీకి కమలం. మీ రాజోలు, పి.గన్నవరంలో ఎమ్మెల్యేకి గ్లాసు, ఎంపీకి సైకిల్. జన్మంతా ఒకే గుర్తు మీద గుద్దినవాళ్లు రెండు గుర్తులు గుర్తుపెట్టుకుని తడబడకుండా వేశారు. అమ్మమ్మకి నేను వేళ్లు పట్టి నేర్పాను, ఇది గ్లాసు, ఇది పువ్వు అని. అదంతా పార్టీల కోసం నేర్చుకున్నాం. ఎంపీ అంటే ఏంటో మాత్రం నేనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

బడి మాష్టారు (జూన్ 5, మధ్యాహ్నం 1:10)

పోలింగ్ డ్యూటీ చేసినవాడిగా ఒక సంగతి చెప్తాను. ఊరి పేరు, బూత్ నంబరు వద్దు.

మే 13 తెల్లవారుజామున ఐదున్నరకి మాక్ పోల్. ఏజెంట్ల ముందు కనీసం యాభై ఓట్లు వేసి, లెక్క చూపించి, మళ్లీ సున్నా చేసి సీలు వేయాలి. ఏడింటికి తలుపు తీసేసరికి వరస గేటు దాటి రోడ్డు మీదకి వచ్చేసింది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి రాత్రంతా బస్సుల్లో నిలబడి వచ్చిన పిల్లలు బ్యాగులతోనే వరసలో ఉన్నారు. సాయంత్రం ఆరింటికి ఇంకా వందమందికి పైగా మిగిలారు. వాళ్లందరికీ చివరి నుంచి మొదలుపెట్టి స్లిప్పులు ఇచ్చాం. ఆఖరి ఓటు పడేసరికి తొమ్మిది దాటింది. రాష్ట్రం మొత్తం మీద పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం అయిందంటే ఊరికే కాలేదు.

పదకొండు గంటల వేళ ఒక మామ్మగారు వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి, మనవరాలు గుమ్మం దాకా తెచ్చింది. మొదట పార్లమెంటు ఓటు. వెళ్లి నొక్కారు, బీప్ వచ్చింది, కాగితం ఏడు సెకన్లు గాజు వెనక కనపడి పడిపోయింది. ఆవిడ బయటికి నడవబోయారు. "మామ్మగారూ, ఇంకో ఓటు ఉందండి" అన్నాను. "ఇందాకే నొక్కాను కదా బాబూ" అన్నారు. "అది ఢిల్లీదండి, ఇది రాష్ట్రానిది" అన్నాను. ఆవిడ అక్కడే ఆగిపోయి, సిరా వేసిన వేలు పైకి ఎత్తి పట్టుకుని, "ఢిల్లీకి కూడా మనమే పంపుతామా?" అని అడిగారు. నేను అవునన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పినా తప్పే. ఆవిడ రెండోది వేసి, పోతూ పోతూ తెల్ల కాగితం ఉన్న పార్లమెంటు మిషను వైపు మళ్లీ ఒకసారి తిరిగి చూశారు.

గౌతమి రేవు గారూ, మీ ప్రశ్న చదవగానే నాకు ఆవిడ మొహం గుర్తొచ్చింది.

మండపేట తమ్ముడు (జూన్ 5, మధ్యాహ్నం 2:25)

నేను ఓడిపోయిన వైపు, అంటే వైసీపీకి ఓటు వేశాను, దాచుకోవాల్సిన పనేం లేదు. అమలాపురంలో 4,54,785 మంది, రాష్ట్రంలో 39 శాతం పైన మాతో ఉన్నారు. అసెంబ్లీలో 175కి 11 సీట్లు వచ్చాయి, పార్లమెంటులో 25కి 4. సరే, అది పద్ధతి, ఒప్పుకుంటాను. కానీ నిన్న సాయంత్రం నుంచి మా వీధిలో మమ్మల్ని చూసే తీరు మారిపోయింది. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లే. ఈ చర్చలో "మనం" అంటున్నారు కదా, అందులో మేమున్నామా లేమా?

ఇంకో మాట. మిషన్ల మీద నాకు పూర్తి నమ్మకం కుదరడం లేదు. ఇంత తేడా ఎలా వస్తుంది?

గౌతమి రేవు (జూన్ 5, మధ్యాహ్నం 3:00)

ఉన్నారు తమ్ముడూ. రైలు వస్తే ఎవరికి ఓటు వేశావని అడిగి టికెట్ ఇవ్వరు కదా. నీ వీధిలో జరిగింది తప్పు. ఎవరు చేసినా తప్పే. ఈ చర్చలో ఎవరైనా అలా మాట్లాడితే నేనే ముందు అడ్డం పడతాను.

బడి మాష్టారు (జూన్ 5, సాయంత్రం 5:40)

మండపేట తమ్ముడికి. అనుమానం అడగడం మంచిదే, నాకు తెలిసింది చెప్తాను. పోలింగ్ అయిపోగానే మిషన్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకి సంతకం చేసిన కాపీ ఇస్తాం. నా బూత్‌లో మీ పార్టీ ఏజెంటు కుర్రాడు కాపీ తీసుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. కౌంటింగ్ రోజు ఆ అంకెతో సరిచూసుకోవచ్చు. ఇది కాక ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు బూత్‌లు చీటీ తీసి, వాటి వీవీప్యాట్ కాగితాలు, అంటే గాజు వెనక కనపడి పడిపోయేవి, చేత్తో లెక్కపెడతారు. మొత్తం కాగితాలు లెక్కించాలన్న కేసును సుప్రీంకోర్టు మొన్న ఏప్రిల్ 26న కొట్టేసింది. అయితే అదే తీర్పులో రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో ఖర్చు కట్టి సెగ్మెంటుకి ఐదు శాతం మిషన్లు తనిఖీ చేయించుకోవచ్చని చెప్పింది. మీ అభ్యర్థికి ఇంకా టైముంది. అనుమానం మనసులో పెట్టుకుని కుమిలిపోయేకంటే అడిగించండి.

నా మటుకు నాకు, ఆ గదిలో పదిహేను గంటలు కూర్చున్నవాడిగా, జనం వేసిందే వచ్చిందని నమ్మకం.

అంబాజీపేట కొబ్బరి (జూన్ 5, రాత్రి 8:15)

నాకు మూడెకరాల కొబ్బరి తోట. గౌతమి రేవు గారు రైలంటున్నారు, మంచిదే. నేను మాత్రం ముందు కొబ్బరి అంటాను.

కొబ్బరికి మద్దతు ధర పెట్టేది కేంద్రం. ఈ 2024 సీజన్‌కి నూనె ఆడించే మిల్లింగ్ కొబ్బరికి క్వింటాల్ 11,160, కురిడీకి 12,000 రూపాయలు. కాగితం మీద చదవడానికి బానే ఉంది. కొనేది నాఫెడ్ అనే సహకార సంస్థ. ధర పడిపోయాక కొనుగోలు కేంద్రం తెరుస్తారు. తెరిచేసరికి చిన్న రైతు దళారికి పచ్చికాయే అమ్మేసుకుని ఉంటాడు. ఎందుకంటే కురిడీ చేయాలంటే కాయని నెలల తరబడి అటక మీద పెట్టుకోవాలి. కాయ లోపల నీరు ఇంకి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి, ఊపితే గలగలమనాలి. అన్ని నెలలు ఆగడానికి దింపు కూలీ ఎవరిస్తారు, ఒలుపు కూలీ ఎవరిస్తారు? మా అటక మీద ఇప్పుడు రెండు వేల కాయలున్నాయి. రాత్రి ఎలుక కదిలినా నాకు మెలకువ వచ్చేస్తుంది.

పైగా తెల్లదోమ. ఆకు అడుగున తెల్లగా పట్టేస్తుంది, పైన నల్లగా మసి. కాపు తగ్గిపోతోంది. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది, వాళ్లు చేతనైనంత చేస్తున్నారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు కేంద్రానిది. ధర పడకముందే కొనుగోలు కేంద్రం తెరవాలని, తెల్లదోమకి పరిహారం ఇవ్వాలని పార్లమెంటులో అడగాల్సిందెవరు? ఎంపీయే కదండీ. కేరళ ఎంపీలు కొబ్బరి గురించి అడుగుతూనే ఉంటారు. మన కోనసీమ కొబ్బరికి గొంతు ఏదీ?

దాళ్వా రైతు (జూన్ 5, రాత్రి 9:30)

అందరూ ఎంపీ ఎంపీ అంటున్నారు గాని నా చేను మునిగేది మురుగు కాలవ పూడిపోయి. డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయించేది రాష్ట్రం, ఎంపీ కాదు. 2011లో కోనసీమలో మేం క్రాప్ హాలిడే పెట్టాం, సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా చేలు వదిలేశాం. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది, మా మాటలు రాసుకుని వెళ్లింది. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు వెళ్లాయి? ఇప్పటికీ అక్టోబర్లో వాన పడితే కంకులు వేస్తూ ఈనిక మీదున్న చేను మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది.

ఢిల్లీతో పని పడేది మాత్రం పోలవరం దగ్గర. విభజన చట్టంలో దాన్ని జాతీయ ప్రాజెక్టు అన్నారు. వరదలకి డయాఫ్రం వాల్ (డ్యామ్ కింద నీరు ఊరకుండా భూమిలో కట్టే గోడ) దెబ్బతింది, అక్కడే పని చిక్కుపడింది. అది తేలేదాకా మన దాళ్వాకి (రబీ వరికి) సీలేరు నీళ్లే దిక్కు. డెల్టా మొత్తం పది లక్షల ఎకరాలు ఏటా డిసెంబర్లో ధవళేశ్వరం వైపు చూస్తూ కూర్చుంటుంది, వంతులవారీ అంటారేమో, కాలవ ముందే కట్టేస్తారేమో అని. ఈసారి బీజేపీకి సొంతంగా 240 వచ్చాయి, కావాల్సినవి 272. తెలుగుదేశానికి 16, జనసేనకి 2. మన ఎంపీల మాట ఢిల్లీలో ఇంత బరువుగా ఉండే రోజు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. పోలవరం డబ్బు ఇప్పుడు తేకపోతే ఇంకెప్పుడూ తేలేరు.

రాజోలు అక్క (జూన్ 6, తెల్లవారుజామున 1:20)

నేను కువైట్‌లో ఉంటానండి. పన్నెండేళ్లయింది. పని ముగించుకుని ఇప్పుడే అందరివీ చదివాను. మా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధికి వెళ్లినా గల్ఫ్‌లో ఒక ఆడమనిషి ఉంటుంది. మా జీతాలతోనే అక్కడ ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు.

నాకు ఓటు లేదు. ఉందని చెప్తారు, 6ఎ ఫారం పెట్టుకుంటే పేరు ఎక్కిస్తారు. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్ట్ పట్టుకుని నేనే ఊరికి రావాలి. పోస్టులో కుదరదు. ఇంటి పని చేసుకునేదాన్ని, ఒక్క రోజు ఓటు కోసం టికెట్ కొనుక్కుని రాగలనా? సేఠ్ సెలవు ఇస్తాడా? మే 13న మా చెల్లి వీడియో కాల్ చేసి సిరా వేలు చూపించింది. నవ్వాను గాని ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

మీరు ఎంపీ గారికి రాస్తే నా మాట ఒకటి రాయండి. మాలాంటి వాళ్లకి కష్టం వస్తే ఎమ్మెల్యే ఏం చేయలేడు, ఎంబసీతో మాట్లాడగలిగేది ఎంపీ. ఇక్కడ ఒక అమ్మాయి, మన జిల్లాదే, ఏజెంటు మోసం చేస్తే నాలుగు నెలలు జీతం లేకుండా ఒకరింట్లో ఉండిపోయింది. వాళ్లమ్మ అక్కడ ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలీక ఊళ్లో అందరి గుమ్మాలూ ఎక్కింది. ఎంపీ ఆఫీసులో గల్ఫ్ వాళ్ల కోసం ఒక మనిషిని, ఒక ఫోన్ నంబరుని పెట్టమనండి చాలు. దానికి కోట్లు అక్కర్లేదు.

అంబాజీపేట కొబ్బరి (జూన్ 6, ఉదయం 6:05)

చెల్లెమ్మా, నువ్వు చెప్పింది చదివాక నా కొబ్బరి రెండో మాటగా ఉన్నా పర్లేదు. నీది ముందు రాయాలి.

ఎదుర్లంక తాతగారు (జూన్ 6, ఉదయం 10:45)

మనవడు టైపు చేస్తున్నాడు, మాట నాది.

ఎంపీ ఏం చేయగలడని మీరు అడుగుతున్నారు. మా ఊరి బిడ్డ బాలయోగి గారు ఏం చేశారో నేను కళ్లారా చూశాను. 1991లో మొదటిసారి గెలిచారు, 96లో ఓడారు, 98లో మళ్లీ గెలిచి ఆ మార్చిలోనే లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి గారి ప్రభుత్వం మీద ఓటింగ్. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటు. ఒడిశా ముఖ్యమంత్రి గమాంగ్ గారు ఇంకా ఎంపీగా రాజీనామా చేయలేదు, ఆయన ఓటు వేయొచ్చా అంటే, ఆయన మనస్సాక్షికే వదిలేస్తున్నానన్నారు బాలయోగి గారు. తప్పన్నవాళ్లున్నారు, ఒప్పన్నవాళ్లున్నారు. ఆ రోజు ఊళ్లో ఉన్న నాలుగైదు టీవీల ముందు జనం కిటికీలు పట్టుకుని వేలాడారు. దేశమంతా మా ఎదుర్లంకవాడి నోటి వైపు చూసిందని నాకు ఒళ్లు పులకరించింది.

దానికంటే పెద్దది ఇంకొకటుంది. యానాం–ఎదుర్లంక వారధి. అది లేనప్పుడు పురిటి నొప్పులొచ్చిన ఆడపిల్లని పడవలో గౌతమి దాటించాలి. మా పెద్దక్క కూతురు నడి నదిలో కన్నది, బిడ్డ దక్కలేదు. వంతెన కోసం ఆయన ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. ఇవాళ ఆ వారధి ఆయన పేరుతోనే ఉంది. దాని మీద అంబులెన్స్ వెళ్తుంటే సైరన్ మా అరుగు దాకా వినపడుతుంది.

ఇప్పుడు గెలిచింది ఆయన కొడుకు. పేరు చూసి వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అబద్ధం చెప్పను. అందుకే అడిగే హక్కు నాకు ఇంకా ఎక్కువుందనుకుంటున్నాను. తండ్రి నది మీద రోడ్డు వేయించారు, కొడుకు నది మీద రైలు నడిపించాలి.

పాలకొల్లు కుర్రాడు (జూన్ 10, రాత్రి 9:10)

మా శ్రీనివాస వర్మ గారు నిన్న కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు, ఇవాళ ఉక్కు, భారీ పరిశ్రమల శాఖ ఇచ్చారు. భీమవరంలో బాణసంచా ఇంకా ఆగలేదు. రైలు లైనుకి ఒక చివర అమలాపురం ఎంపీ, ఇంకో చివర నరసాపురం ఎంపీ, ఆయన మంత్రి. ఇంతకంటే ఏం కావాలి?

బడి మాష్టారు (జూన్ 10, రాత్రి 10:00)

ఒకటి మర్చిపోవద్దు బాబూ. ఆ లైనులో రాష్ట్రం తన వాటాగా పావు వంతు ఖర్చు పెట్టాలి, భూమి సేకరించి ఇవ్వాలి. ఇన్నాళ్లూ రైల్వే రాష్ట్రాన్ని అంది, రాష్ట్రం రైల్వేని అంది. కాబట్టి ఉత్తరం ఇద్దరికీ వెళ్లాలి, ఎంపీకి ఒకటి, కొత్త ముఖ్యమంత్రికి ఒకటి. ఎంపీ గారి నిధి ఏడాదికి 5 కోట్లు, ఏడు నియోజకవర్గాలకి పంచితే కమ్యూనిటీ హాళ్లకే సరిపోతుంది. మనం అడగాల్సింది నిధి కాదు, సభలో ప్రశ్న. ప్రశ్న వేస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు ఎప్పటికీ రికార్డులో ఉంటుంది. గోదారి పాయల్లో గౌతమి మీద ఎంత పని అయింది, వైనతేయ మీద ఎంత, వశిష్ఠ మీద ఎంత, ఎంత భూమి మిగిలింది, ఏ తేదీకి పూర్తవుతుంది. ఈ ఐదూ అడిగించండి.

మండపేట తమ్ముడు (జూన్ 11, ఉదయం 7:20)

నేను కూడా సంతకం పెడతాను. మా వాళ్లలో ఓ ఇరవై మందితో పెట్టిస్తాను. ఓడిన వైపు సంతకాలు కూడా ఉన్నాయని ఆయనకి తెలియాలి.

గౌతమి రేవు (జూన్ 11, మధ్యాహ్నం 12:30)

తమ్ముడూ, నీ సంతకం మొదటి పేజీలోనే ఉంటుంది.

ఉత్తరం రాశాను, చేతిరాతతోనే. రైలు గురించి మాష్టారు చెప్పిన ఐదు ప్రశ్నలు. కొబ్బరి కొనుగోలు కేంద్రం ధర పడకముందే తెరవడం, తెల్లదోమ పరిహారం. పోలవరం డబ్బు, దాళ్వా నీళ్లు. గల్ఫ్ అక్కచెల్లెళ్ల కోసం మనిషి, ఫోన్ నంబరు, వాళ్లకి విదేశం నుంచే ఓటు వేసే దారి చూపించమని ఒక పేరా. అంబాజీపేట అన్నయ్య మాట ప్రకారం అది అన్నింటికంటే పైన పెట్టాను. డ్రెయిన్ల సంగతి విడిగా ఎమ్మెల్యేలకి.

సంతకాల కాగితాలు గురువారం నుంచి మూడు రోజులు ఉదయం ఏడింటి పంటులో నా దగ్గర ఉంటాయి. అమలాపురం వైపు వాళ్లకి అంబాజీపేట అన్నయ్య కొబ్బరి మార్కెట్ దగ్గర పెట్టించుకుంటానన్నారు.

రాజోలు అక్క (జూన్ 12, తెల్లవారుజామున 2:05)

అన్నయ్యా, నా సంతకం ఫోటో తీసి పంపిస్తే అంటిస్తారా? ఇక్కడ మన వాళ్లు ఇంకో పదకొండు మంది పెడతామంటున్నారు.

గౌతమి రేవు (జూన్ 12, ఉదయం 5:40)

పంపించు అమ్మా. ప్రింటు తీయించి నా చేత్తో అంటిస్తాను. పేరు కింద ఊరు కూడా రాయించు, ఏ రేవు దాటి వెళ్లారో ఆయనకి తెలియాలి.